పాంబన్ రైలు వంతెన: పాతదాని చరిత్ర, కొత్తదానికి పరీక్ష

తమిళనాడులోని రామనాథపురం జిల్లా మండపం దగ్గర నేల ముగుస్తుంది. అక్కడి నుంచి రెండు కిలోమీటర్ల సముద్రం దాటితే పాంబన్ దీవి, ఆ దీవి మీదే రామేశ్వరం. ఉత్తరాన పాక్ అఖాతం, దక్షిణాన మన్నారు సింధుశాఖ. ఆ రెండింటినీ కలిపే ఇరుకైన జలమార్గం మీద 1914లో మొదలైన రైలు వంతెన 2022 డిసెంబరు దాకా పనిచేసింది. దాని పక్కనే కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి రోజున ప్రారంభమైంది. పడవలు దాటేందుకు మధ్యలో కొంత భాగం తెరుచుకునేలా రెండింటినీ కట్టారు. పాతది నూట ఎనిమిదేళ్ళు నిలిచిందంటే ఆనాటి ఉక్కు గట్టితనమే కారణమని చాలామంది అంటారు. చరిత్ర చూస్తే అది సగం నిజమే. పాంబన్ వంతెనలో విడదీసి మార్చడానికి వీలైన భాగాలన్నీ ఎన్ని దెబ్బలు తిన్నా మళ్ళీ లేచాయి. మార్చడానికి వీల్లేని ఒక్క భాగం దగ్గర వంతెన ఆగిపోయింది. కొత్త వంతెన బాగోగులను కూడా ఈ కొలతతోనే చూడాలి.

ఈ వంతెనను కట్టింది ముఖ్యంగా సిలోన్‌తో రాకపోకల కోసం. అప్పటిదాకా మద్రాసు నుంచి కొలంబో వెళ్ళేవారు రైల్లో తూత్తుకుడి దాకా వెళ్ళి అక్కడ ఓడ ఎక్కేవారు. రామసేతువు దిబ్బల మీదుగా సిలోన్ దాకా నేరుగా పట్టాలు వేయాలన్న ఆలోచన కూడా అప్పట్లో సాగింది. ఖర్చు చూసి దాన్ని వదిలేసి, మధ్యేమార్గం ఎంచుకున్నారు. పాంబన్ జలసంధి మీద వంతెన, దీవి చివరి ధనుష్కోటి దాకా పట్టాలు, అక్కడి నుంచి తలైమన్నారుకు స్టీమరు, ఆపైన సిలోన్ రైలు. బోట్ మెయిల్ పేరుతో ప్రసిద్ధమైన ప్రయాణం ఇదే. సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ 1911లో పని మొదలుపెట్టింది. 1914 ఫిబ్రవరి 24న వంతెన మీద రాకపోకలు ప్రారంభమయ్యాయి. పొడవు సుమారు 2,065 మీటర్లు. నీళ్ళలో నూటనలభైకి పైగా స్తంభాలు, వాటి మీద ఒక్కొక్కటి నలభై అడుగుల ఉక్కు గర్డర్లు. ఓడల దారి మీద మాత్రం రెండొందల అడుగుల పైచిలుకు తెరుచుకునే భాగం. 1988లో పక్కన ఇందిరాగాంధీ రోడ్డు వంతెన వచ్చేదాకా, అంటే డెబ్భై నాలుగేళ్ళ పాటు, దీవికి నేల మీది నుంచి వెళ్ళే దారి ఈ రైలు ఒక్కటే. బియ్యం, మందులు, యాత్రికులు, పెళ్ళివారు అందరూ దీని మీదే రావాలి. అందుకే ఏ దెబ్బ తగిలినా దీన్ని మూసేసి ఊరుకునే వీలు ఎప్పుడూ లేకపోయింది.

తెరుచుకునే భాగాన్ని షెర్జర్ స్పాన్ అంటారు. షికాగో ఇంజినీరు విలియం షెర్జర్ రూపొందించిన పద్ధతి అది. ఉక్కు భాగాలను ఇంగ్లండులో హెడ్ రైట్‌సన్ కంపెనీ తయారుచేసింది. రెండు రెక్కలు మధ్యలో కలుస్తాయి. ఒక్కో రెక్క బరువు నాలుగు వందల టన్నుల పైచిలుకు. మామూలు ఎత్తుడు వంతెనల్లో రెక్క ఒక ఇరుసు చుట్టూ తిరుగుతుంది కాబట్టి బరువంతా ఆ ఇరుసు మీదే పడుతుంది, రాపిడీ అక్కడే. షెర్జర్ పద్ధతిలో రెక్క అడుగు వంపు తిరిగి ఉంటుంది. వెనక్కి వాలే ఊగుడు కుర్చీలాగా ఆ వంపు మీద దొర్లుతూ రెక్క పైకి లేస్తుంది. వెనకవైపు కౌంటర్ వెయిట్ ఉండటంతో లేపడానికి పెద్ద బలం అక్కర్లేదు. పాంబన్‌లో మోటార్లు కూడా లేవు, రెండు వైపులా కార్మికులు చేతులతో తిప్పేవారు. పూర్తిగా తెరిచి మూయడానికి అరగంట పైనే పట్టేది. ఇందులోని గొప్ప ఎంత నిజమో బలహీనత కూడా అంతే నిజం. మూసినప్పుడు రెండు కొసలూ మధ్యలో సరిగ్గా కలవాలి, రైలు బరువు పడినప్పుడు రెండూ ఒకేలా వంగాలి. ఒక రెక్క పట్టా కొద్దిపాటి ఎత్తు తేడాతో నిలిచినా చక్రానికి అది మెట్టవుతుంది. పైగా దొర్లే వంపు, దాని కింది పట్టీ ఏళ్ళ తరబడి ఒకే చోట అరుగుతాయి. చిన్న గర్డరు పాడైతే కొత్తది తెచ్చి వేయొచ్చు. ఈ రెక్క పాడైతే తెచ్చి వేయడానికి ఇంకో రెక్క ఎక్కడా లేదు.

1964 డిసెంబరు తుపాను ఈ రెండు రకాల భాగాల తేడాను చూపించింది. 22వ తేదీ రాత్రి ధనుష్కోటి మీద విరుచుకుపడ్డ ఉప్పెన ఊరిని తుడిచిపెట్టింది, ఊరికి చేరువలో ఉన్న పాసింజరు రైలును అందులోని వంద మందికి పైగా ప్రయాణికులతో సహా మింగేసింది. పాంబన్ వంతెన మీద నూట ఇరవైకి పైగా గర్డర్లు కొట్టుకుపోయాయి. స్తంభాలు చాలావరకు నిలిచాయి. షెర్జర్ స్పాన్ కూడా నిలిచింది. మొదట ఆరు నెలల్లో బాగుచేయాలనుకుని, తర్వాత గడువును మూడు నెలలకు కుదించారు. ఆ పనిని దక్షిణ రైల్వే అప్పగించిన యువ ఇంజినీరు ఇ.శ్రీధరన్. కాకినాడ ఇంజినీరింగు కాలేజీలో చదివి, ఆ తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రోల ద్వారా దేశానికంతా తెలిసిన మనిషి. కొత్త గర్డర్లు దూరప్రాంతాల నుంచి తెప్పించాలంటే నెలలు పడుతుంది. కొట్టుకుపోయిన గర్డర్లు సముద్రం అడుగున పడి ఉన్నాయని అక్కడి జాలర్ల ద్వారా తెలిసింది. వాటిని వెతికి, పైకి లేపి, మళ్ళీ స్తంభాల మీదికి ఎక్కించారు. నలభై ఆరు రోజుల్లో రైలు నడిచింది. దీన్ని ఒక ఇంజినీరు పట్టుదల కథగానే చెప్పుకోవడం అలవాటు. ఆ పట్టుదల కాదనలేనిదే. కానీ ఆ గర్డర్లు నలభై అడుగులవి కాకుండా నాలుగు వందల అడుగులవై ఉంటే ఏ పట్టుదలా వాటిని నలభై ఆరు రోజుల్లో నీళ్ళలోంచి లేపగలిగేది కాదు. అన్నీ ఒకే కొలతవి కావడంతో ఏ గర్డరునైనా ఏ ఖాళీలోనైనా పెట్టగలిగారు. చిన్న గర్డర్లు వేయాలని కట్టేటప్పుడు తీసుకున్న నిర్ణయం అర్ధ శతాబ్దం తర్వాత వంతెనను కాపాడింది. అదే రాత్రి షెర్జర్ స్పాన్ కొట్టుకుపోయి ఉంటే ఈ లెక్కలేవీ పనిచేసేవి కావు.

తుపాను ఒక్క రాత్రి వచ్చి పోయింది. ఉప్పుగాలి మాత్రం పోలేదు. ఉక్కు మీద పాంబన్ గాలి చేసే హాని దేశంలో ఇంకెక్కడా అంతగా ఉండదని చెబుతారు, ప్రపంచంలో ఫ్లోరిడా తీరం తర్వాత ఇదేనన్న మాట కూడా చాలాచోట్ల కనిపిస్తుంది. ఆ వరుస సంఖ్యను ఎంతవరకు నమ్మాలో వదిలేసినా, అసలు విషయం మారదు. రెండు వైపులా సముద్రం, ఏడాది పొడవునా గాలి, అలల తుంపర నేరుగా గర్డర్ల అడుగును తాకేంత తక్కువ ఎత్తు. రంగు పొర ఎక్కడ చిట్లినా అక్కడ తుప్పు మొదలవుతుంది. రివెట్ల తలల కింద, రెండు ప్లేట్లు కలిసే సందుల్లో ఉప్పు నీరు నిలుస్తుంది, బయటికి కనిపించకుండా లోపల తింటుంది. అందుకని పాంబన్‌లో గోకడం, రంగు వేయడం, తిన్న గర్డరును మార్చడం ఆగని పనులు. వంతెన ఇంతకాలం బతికిందంటే దాని వెనుక పేర్లు ఎక్కడా నమోదుకాని గ్యాంగ్‌మెన్ల, రంగు కార్మికుల చేతులున్నాయి. ఇంతలో భారం పెరిగింది. మీటర్‌గేజి కోసం కట్టిన వంతెనను బలపరిచి 2007 ఆగస్టులో బ్రాడ్‌గేజి రైళ్ళకు అప్పగించారు. అలా చేయకపోతే రామేశ్వరం మిగతా దేశపు రైలు మార్గాల నుంచి తెగిపోయేది, కాబట్టి ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం. కానీ తొంభై మూడేళ్ళ షెర్జర్ స్పాన్ మీదికి పెద్ద రైలు రావడం దాని అరుగుదలను తప్పక పెంచింది. రైళ్ళు దాని మీద నడక వేగంతో పాకేవి. గాలి గంటకు యాభై అయిదు కిలోమీటర్లు దాటితే ఆగిపోయేవి. 2013 జనవరిలో ఒక బార్జి కొట్టుకొచ్చి స్తంభాన్ని గుద్దింది, బాగుచేశారు. 2018 డిసెంబరులో షెర్జర్ స్పాన్‌లో లోపం బయటపడి దాదాపు మూడు నెలలు రైళ్ళు ఆగాయి. ఐఐటీ మద్రాసు నిపుణులు అమర్చిన సెన్సర్లు ఆ తర్వాత ఆ భాగాన్ని కనిపెట్టుకుని ఉన్నాయి. 2022 డిసెంబరు 23న మళ్ళీ ప్రమాద సూచన వచ్చింది. ఆ రోజు ఆగిన రైలు పాత వంతెన మీద మళ్ళీ నడవలేదు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. పాడైంది తెరుచుకునే భాగమే అయినప్పుడు దాన్ని ఒక్కదాన్నే మారిస్తే సరిపోయేది కదా? ఆ ఆలోచన నిజంగానే కొన్నాళ్ళు సాగింది. కాదనడానికి రెండు కారణాలు. ఒకటి, తెరుచుకునే భాగానికి కొత్త యంత్రం పెట్టినా దాన్ని మోసే పునాదులు 1914 నాటివే, కొత్త బరువుకు వాటిని నమ్ముకోవాలి. రెండోది, ఆ పని జరిగినన్నాళ్ళూ రైళ్ళు ఎలాగూ ఆపాలి. పక్కన కొత్తది కడితే పాతది నడిచినన్నాళ్ళు నడుస్తుందన్నది లెక్క. ఆ లెక్క పూర్తిగా నెరవేరలేదు. 2019 మార్చిలో శంకుస్థాపన జరిగి, 2020లో పని మొదలై, కోవిడ్‌తో ఆలస్యమై, కొత్తది పూర్తికాకుండానే పాతది మూతపడింది. రెండేళ్ళకు పైగా రామేశ్వరం రైళ్ళు మండపం, రామనాథపురం దగ్గరే ఆగిపోయాయి. తిరుపతి నుంచో సికింద్రాబాదు నుంచో బయలుదేరిన యాత్రికులు చివరి దూరం బస్సుల్లో, ఆటోల్లో వెళ్ళారు. అది ఇబ్బందే. అయినా సూచన రాగానే రైళ్ళు ఆపినవారు సరైన పనే చేశారు.

కొత్త వంతెన పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు. 18.3 మీటర్ల గర్డర్లు 99, ఓడల దారి మీద 72.5 మీటర్ల ఒక్క స్పాన్. పాతదానికంటే మూడు మీటర్లు ఎత్తు. పునాదులకు సముద్రంలో 333 పైల్స్ దించారు. రైల్ వికాస్ నిగమ్ కట్టింది, ఖర్చు 550 కోట్ల రూపాయల దరిదాపుల్లో. ఇక్కడ తెరుచుకునే భాగం రెక్కలుగా విడిపోదు. 660 టన్నుల స్పాన్ అంతా అడ్డంగా, ఉన్నదున్నట్టుగా పదిహేడు మీటర్లు పైకి లేస్తుంది. రెండు పక్కలా గోపురాలు, వాటి శిఖరాన పెద్ద కప్పీలు, కప్పీల మీదుగా ఉక్కు తాళ్ళు, తాళ్ళ రెండో కొసన కౌంటర్ వెయిట్లు. రెండు వైపులా బరువు సరితూగుతుంది కాబట్టి మోటార్లకు రాపిడిని, గాలిని జయించే బలం ఉంటే చాలు, అయిదారు నిమిషాల్లో స్పాన్ లేస్తుంది. కాంక్రీటులో తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు వాడారు, ఉక్కుకు సముద్రతీరానికి తగిన రంగు వేశారు. పునాదులను రెండు లైన్లకు సరిపడేలా కట్టి, ప్రస్తుతానికి ఒకటే లైను వేశారు. ఒకటే స్పాన్ కావడం వల్ల మధ్యలో రెండు కొసలు కలిసే బాధ తప్పింది. షెర్జర్ పద్ధతిలోని ఒక బలహీనత అదే.

అసలు ఎత్తాల్సిన పనేముంది, రోడ్డు వంతెనలాగా దీన్నీ ఎత్తుగా, స్థిరంగా కట్టేస్తే సరిపోదా అన్నది ఎక్కువగా వినిపించే అభ్యంతరం. కదిలే భాగం లేకపోతే పాడయ్యేదీ లేదు. ఈ వాదనకు బలముంది. అమెరికాలో న్యూజెర్సీ దగ్గర హాకెన్‌సాక్ నది మీద 1910 నాటి పోర్టల్ వంతెనకు సరిగ్గా ఈ వైద్యమే చేస్తున్నారు. రోజుకు నాలుగు వందలకు పైగా రైళ్ళు నడిచే ఆ వంతెన పడవ కోసం పక్కకు తిరిగి, మళ్ళీ మూసుకోకుండా మొరాయించేది. కార్మికులు సుత్తులతో పట్టాలను బాది చోటుకు తెచ్చిన సందర్భాలున్నాయి. దాని స్థానంలో నీటికి యాభై అడుగుల ఎత్తున స్థిరమైన వంతెన తలపెట్టారు. అంతమాత్రం ఎత్తుకే ఆ ప్రాజెక్టు దాదాపు నాలుగు కిలోమీటర్ల మార్గాన్ని ఆక్రమించింది. పాంబన్‌లో కావాల్సింది 22 మీటర్లు, అంటే డెబ్భై రెండు అడుగులు. రైలుకు వంద మీటర్ల దూరంలో ఒక మీటరు ఎక్కడమే భారమైన వాలు. ఆ లెక్కన ఉన్న ఎత్తు నుంచి ఇంకో పదిహేడు మీటర్లు ఎక్కాలంటే ఒక్కో వైపు కిలోమీటరున్నరకు పైగా కావాలి. ఓడల దారి మాత్రం పాంబన్ ఒడ్డుకు అర కిలోమీటరు లోపే ఉంది, ఒడ్డెక్కగానే పాంబన్ స్టేషను. స్టేషను మార్చి, ఊరి మీదుగా కట్ట పోసి, ఇరుకు దీవిలో పట్టాలను గాలిలో నడపాలి. తుపాను తీరంలో అంత ఎత్తున రైలును గాలికి అప్పగించడం ఇంకో చిక్కు. బస్సు ఎక్కగల వాలును రైలు ఎక్కలేదు కాబట్టి రోడ్డు వంతెనతో పోలిక ఇక్కడ కుదరదు.

ఆ దారిన పోయేవి ఎన్ని ఓడలని, వాటి కోసం ఇంత యంత్రమా అని కూడా అడుగుతారు. పెద్ద సరకు ఓడలు పోవన్నది నిజమే, కాలువ లోతు చాలదు. కానీ చేపల పడవలు, బార్జీలు, తీరరక్షక దళపు నౌకలు ఈ దారి మూస్తే శ్రీలంక చుట్టూ తిరిగి రావాలి. రెండు సముద్రాల మధ్య దేశం లోపలి నుంచే ఉన్న ఈ ఒక్క దారిని రైలు కోసం శాశ్వతంగా మూసే హక్కు రైల్వేకు లేదు. ఇక రెక్కల వంతెన తెరిస్తే ఓడ ఎత్తుకు హద్దుండదు, నిలువుగా లేచే వంతెనకు హద్దుంటుంది కదా అన్న సాంకేతికమైన అభ్యంతరానికి జవాబు పక్కనే ఉంది. రోడ్డు వంతెన 1988లోనే ఆ హద్దును గీసేసింది. దాని కింద పట్టని ఓడకు రైలు వంతెన ఎంత తెరిచినా ఉపయోగం లేదు.

వీటన్నిటికంటే బరువైన అభ్యంతరం రైల్వే వ్యవస్థ లోపలి నుంచే వచ్చింది. 2024 నవంబరులో వంతెనను తనిఖీ చేసిన రైల్వే భద్రతా కమిషనరు ప్రణాళిక దశ నుంచే లోపాలున్నాయని, రైల్వే సొంత ప్రమాణాల సంస్థ ఆర్‌డీఎస్‌ఓను డిజైన్ పరిశీలనకు దూరంగా ఉంచారని, తుప్పు నివారణ విషయంలో జాగ్రత్తలు చాలవని నివేదికలో గట్టిగా తప్పుపట్టారు. అదే నివేదికలో రైళ్ళకు అనుమతి కూడా ఇచ్చారు, మామూలు గర్డర్ల మీద గంటకు 75 కిలోమీటర్లు, లేచే స్పాన్ మీద 50 కిలోమీటర్ల పరిమితితో. డిజైన్ విదేశీ సంస్థదని, దాన్ని ఐఐటీలు పరిశీలించాయని, అంతర్జాతీయ ప్రమాణాలు పాటించామని రైల్వే జవాబిచ్చి, అభ్యంతరాలను చూడటానికి ఒక కమిటీ వేసింది. ఈ వివాదంలో వంతెన కూలిపోతుందన్న భయానికి ఆధారం లేదు. అలాగని దాన్ని కాగితాల గొడవగా కొట్టిపారేయడమూ సరికాదు. పాత వంతెనలో చాలా భాగాలు చేతికి అందేంత దగ్గర్లో ఉండేవి. కొత్తదానిలో తాళ్ళు, కప్పీలు, బేరింగులు, మోటార్లు, నియంత్రణ పరికరాలు చాలావరకు ఎత్తున, ఉప్పుగాలిలో ఉన్నాయి. ఇందులో ఊరట ఏమిటంటే, షెర్జర్ రెక్కలా ఇవి ఒకే ముద్ద కావు. తాడు అరిగితే తాడు, మోటారు పాడైతే మోటారు మార్చొచ్చు. ఆ వీలును ముందే తలచి విడి భాగాలు సిద్ధంగా ఉంచితే కొత్త వంతెన పాతదానికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. విడి భాగం కోసం నెలలు ఎదురుచూసే పరిస్థితి వస్తే 2018 నాటి కథే మళ్ళీ మొదలవుతుంది. అందుకే లేచే స్పాన్ తనిఖీ నివేదికలను రైల్వే ఏటా బయటపెట్టాలి. దీవిలో ఉండేవారికి, అక్కడికి వచ్చిపోయే లక్షల యాత్రికులకు ఆ సమాచారం తెలిసే హక్కుంది.

ఇక మిగిలింది పాత వంతెన. దాన్ని విప్పి తొలగించడానికి 2025లో టెండర్లు పిలిచారు. మొత్తం వంతెనను అలాగే ఉంచాలన్న కోరిక అర్థమయ్యేదే కానీ ఆచరణకు నిలవదు. రాజమహేంద్రవరంలో 1900 నుంచి 1997 దాకా రైళ్ళు నడిచిన హేవ్‌లాక్ వంతెన ఇంకా గోదావరి మీద నిలిచే ఉంది, కానీ అది మంచినీటి మీద ఉంది. పాంబన్‌లో రంగు వేసే చేతులు ఆగిన ఉక్కు ఏళ్ళ తరబడి నిలవదు. తుప్పుపట్టిన గర్డరు తుపానులో ఊడి కొత్త వంతెన స్తంభాలను కొట్టే ప్రమాదమూ ఉంది. కాబట్టి గర్డర్లను తొలగించడం న్యాయమే. షెర్జర్ స్పాన్ సంగతి వేరు. ఓడల కోసం చేతులతో తెరిచిన ఆ యంత్రాన్ని, కనీసం ఒక రెక్కనైనా, దొర్లే వంపు, కౌంటర్ వెయిట్, తిప్పే మీటలతో సహా మండపం ఒడ్డునో పాంబన్ స్టేషను దగ్గరో నేల మీద నిలబెట్టాలి. తుక్కుగా అమ్మితే వచ్చే డబ్బు ఎంతో కాదు. విప్పే పని అక్కడిదాకా రాకముందే రైల్వే శాఖ, తమిళనాడు ప్రభుత్వం ఈ మాట తేల్చాలి.